ఆర్లీన్ నల్ల బూట్లు

అమెరికాలోని డులూత్‌లో కొండ దిగువనున్న మా సూపర్‌మార్కెట్‌లో క్యాష్ కౌంటర్ల దగ్గర నిలబడే మా అందరిలోకీ పెద్దది ఆర్లీన్ నియెమీ. మొగుడు చనిపోయిన ఏడాదే ఆమె పనిలో చేరింది. ఊరి పక్క సరస్సు మీంచి మంచుగాలి విసిరికొట్టి బస్సులు ఆగిపోయిన రోజున కూడా కొండ దిగి నడిచి వచ్చేది. పక్క కౌంటరు నాది. ఆలస్యంగా వస్తే మా అమ్మకంటే ఎక్కువగా తిట్టేది.

"ఇక్కడే పుట్టావు కదా డార్సీ. మంచు పడుతుందని ఇవాళే తెలిసిందా?"

ఆ చలికాలం షుగరు ముదిరి ఆమె పాదాలు వాచిపోయాయి. కౌంటర్లో నిలబడేవాళ్ళు నల్ల తోలు బూట్లే వేసుకోవాలని కంపెనీ నియమం. అవి ఆమె కాళ్ళకు ఎక్కడం మానేశాయి. తమ్ముడి తెల్ల గుడ్డ బూట్లు వదులుగా ఉంటే, వాటికి నల్ల పాలిష్ దట్టంగా పట్టించి వేసుకొచ్చింది. దారిలో మంచుకు తడిసి ఆ నలుపు కారిపోయింది. తలుపు నుంచి కౌంటరు దాకా నేలంతా నల్లటి అడుగులు.

మేనేజర్ ట్రెవర్ వచ్చాడు. సరుకులు సంచుల్లో సర్దే పనిలో చేరినప్పుడు అతనికి పని నేర్పింది ఆర్లీనే.

"ఇంటికెళ్ళి మార్చుకు రండి ఆర్లీన్ గారూ."

"నేల తుడిచేస్తాలే."

"నేల సంగతి కాదు. వెళ్ళొచ్చేదాకా గైర్హాజరు కింద పడుతుంది. మీకు తెలుసుగా."

"తెలుసు. ఆ రూలు నీకు చదివి వినిపించింది నేనే."

రాకపోతే మన పేరు మీద ఒక తప్పు పాయింటు, ఆలస్యమైతే అర. అవి నిండితే ఉద్యోగం ఊడుతుంది. ఆసుపత్రికి వెళ్ళిన రోజులవి ఆమె మీద అప్పటికే చాలా ఉన్నాయి.

"వేరే బూట్లు కావాలని డాక్టరు చేత ఓ ముక్క రాయించుకో," అన్నాను.

"రాయిస్తే నిలబడలేని మనిషినని తేలుతుంది. పని గంటలు కోస్తారు. గంటలు తగ్గితే కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సు పోతుంది. అదీ పోయాక మందులెక్కడివి?"

మర్నాడు పాత తోలు బూట్లలోకే పాదాలు దూర్చుకుని వచ్చింది. రోజంతా నిలబడింది. టీ గదిలో బూటు విప్పితే మేజోడు వేళ్ళ దగ్గర ఎర్రగా తడిసి ఉంది. నేను చూడటం చూసి కాలు కుర్చీ కిందికి లాక్కుంది.

వారం అలాగే గడిచింది. తర్వాత ఒకరోజు రాలేదు, ఫోనూ చేయలేదు. ఆ మర్నాడూ అంతే. పని కాగానే ఇంటికెళ్ళి చూస్తే, సోఫాలో ఒళ్ళు కాలిపోతూ పడుంది. నన్ను పోల్చుకోలేదు. పుండు చీముపట్టిందని ఆసుపత్రిలో ఆమె రెండు కాలివేళ్ళు తీసేశారు.

నేను పక్కనుండగానే ట్రెవర్ వచ్చాడు. చేతిలో కాగితం సంచి. అందులో ఆమె లాకర్లోని స్వెటరు, కప్పు.

"పైనుంచి ఉత్తర్వు వచ్చేసిందండీ. చెప్పకుండా మానేసినట్టు లెక్కేశారు. నేను మాట్లాడి చూశాను."

"ఫోను చేసే స్థితిలో ఉందా ఈవిడ?" అన్నాను.

"ఊరుకో డార్సీ. కూర్చో నాయనా, నిలబడ్డావేం," అంది ఆర్లీన్.

అతను కూర్చోలేదు. సంచి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"వాడి చోట నేనున్నా ఆ రోజు ఇంటికి పంపేసేదాన్నే. అదే నాకు మింగుడుపడటం లేదు," అంది.

ఆ తర్వాత ఆసుపత్రివాళ్ళు కాగితాలు పంపితే, కావాలంటే కొత్తగా చేరవచ్చని కంపెనీ కబురు చేసింది. అంటే కొత్తవాళ్ళ జీతం, ఆ తోలు బూట్లే. ఆమె వెళ్ళలేదు.

ఇప్పుడు చర్చివాళ్ళ పాతబట్టల దుకాణంలో చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. ఇచ్చేది కొద్దే. మందులకు తమ్ముడు సాయం చేస్తున్నాడు. మొన్న చూడబోతే స్టూలు మీద కూర్చుని ఉంది, కాలికి మెత్తటి చెప్పు.

"ఎలా ఉంది?" అన్నాను.

"కూర్చుని పనిచేస్తుంటే దొంగతనం చేస్తున్నట్టుంటుందే," అంది, సూది మీంచి కళ్ళెత్తకుండా.