తీయడం మరచిన పొర

ఏ తప్పూ చేయని మనిషిని నలుగురి ముందు తిట్టాను. రెండేళ్లయినా ఆ రోజును మరవలేకపోతున్నాను.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆమె పాత గేమింగ్ ల్యాప్‌టాప్‌కు చిక్కడపల్లి మెకానిక్ యాదగిరి కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాడు. బాగానే నడిచింది. అనుమానం నాకే. ఏదో వీడియో చూసి, అతను నాసిరకం సామాను వాడి ఉంటాడనుకున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ల్యాప్‌టాప్ విప్పి, కార్డు వేడిని లాగే ప్యాడ్లు కొత్తవి అతికించాను.

మర్నాడు అది విపరీతంగా వేడెక్కి, మాటిమాటికీ ఆగిపోయింది. అమ్మాయి ప్రాజెక్టు ఇవ్వాల్సింది ఆ మరుసటి ఉదయమే. తను ఏడుస్తున్నా నేను నిజం చెప్పలేదు. ఇద్దరం దుకాణానికి వెళ్లాం.

"సడిపోయిన సామాను ఏసి మోసం చేస్తవా?" అని అరిచాను. అక్కడున్నవాళ్లంతా మా వైపే చూశారు.

యాదగిరి ల్యాప్‌టాప్ అందుకుని విప్పాడు. ప్యాడ్ల మీద, వేడికి అడ్డుగా, నేను తీయడం మరచిన ప్లాస్టిక్ పొర! నా వైపు ఒక్కసారి చూసి, దాన్ని గుప్పిట్లో దాచేశాడు.

"పరేషాన్ కాకు బిడ్డా, జర గాలి ఆడలే, గంతే. గంటల అయిపోతది," అన్నాడు అమ్మాయితో.

తను మాట పడి, కూతురి ముందు నా పరువు నిలిపాడు. ప్రాజెక్టు కూడా సమయానికి అందింది.

ఆ రోజు దుకాణం నుంచి అశోక్‌నగర్‌లోని ఇంటికి చేరగానే అమ్మాయికి నిజం చెప్పాను.

"నాకెందుకు డాడీ? ఆయనకు చెప్పు," అంది.

మర్నాడు దుకాణం నిండా జనం ఉన్నప్పుడు వెళ్లి, తప్పు నాదేనని గట్టిగా చెప్పి క్షమాపణ అడిగాను.

"గిట్ల అందరి ముందట చెప్పుడెందుకన్నా?" అన్నాడు యాదగిరి ఇబ్బందిపడుతూ.

"తిట్టింది అందరి ముందటనే గదా," అన్నాను.