పిడి లోపలి పేరు

మా ఆవిడ నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటుంది. "మా ఆయన కత్తుల పండితుడు. మా వంటింట్లో మాత్రం టమాటా తెగే కత్తి లేదు" అంటుంది. సాల్ట్ లేక్‌లో మా ఇంటికి వచ్చిన వాళ్లంతా ఈ మాట ఒకసారైనా విన్నవాళ్లే. నేను లోహశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పాత జపాను కత్తుల పిచ్చి నాకు ఈ బెంగాలీ ఊళ్లోనే పట్టింది. బర్మా యుద్ధం ముగిశాక, లొంగిపోయిన జపాను ఆఫీసర్ల కత్తులు కొన్ని ఇటువైపు వచ్చాయి. సైన్యంలో పనిచేసినవాళ్ల ఇళ్లల్లోనో, పాత సామాన్ల వేలంపాటల్లోనో ఇప్పటికీ ఎక్కడో ఒకటి బయటపడుతుంది. నాకంటూ ఉన్నవి రెండే. మిగతావన్నీ చూసి, అసలుదో నకిలీదో చెప్పి, తిరిగి ఇచ్చేసినవి.

అది చెప్పడానికి చూడాల్సిన చోట చూడాలి. అందరూ కత్తి అలుగు చూస్తారు, దాని తళతళ చూస్తారు. నేను పిడి విప్పమంటాను. వెదురు మేకు ఒకటి తీస్తే పిడి ఊడి వస్తుంది, లోపలికి దూరి ఉన్న ఇనుప తోక కనిపిస్తుంది. కత్తి చేసిన కమ్మరి తన పేరు ఉలితో చెక్కేది ఆ తోక మీదే. దాని తుప్పుని ఎన్ని తరాలు గడిచినా ఎవరూ ముట్టుకోరు, ఎందుకంటే కత్తి వయసు చెప్పేది ఆ తుప్పే. దాన్ని గీకిన వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ విషయంలోనే ఒక వేలంపాట దుకాణంవాళ్లతో గొడవపడ్డాను. ఇప్పుడు వాళ్లు నన్ను గుమ్మం తొక్కనివ్వరు.

మొన్నటి వానాకాలంలో జపాను నుంచి ఒకమ్మాయి ఈమెయిలు రాసింది. వాళ్ల తాతగారు పుట్టేనాటికే ఆయన తండ్రి యుద్ధానికి బర్మా వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదు. అస్థికలని చెప్పి ఇంటికి పంపిన పెట్టెలో ఒక రాయి ఉందట. ఆ తండ్రితో పాటు వెళ్లింది వాళ్ల ఇంట్లో తరతరాలుగా ఉన్న కత్తి. తోకకి ఒకవైపు కమ్మరి పేరు, రెండోవైపు వాళ్ల వంశంలో ఒక పెద్దాయన పేరు చెక్కి ఉండేవని తాతగారి తల్లి చెప్పేదట. తాతగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. పోయేలోగా తండ్రి పట్టుకున్న వస్తువు ఒక్కటి తన చేత్తో పట్టుకోవాలని ఆయన కోరిక. ఆ తండ్రి ఫోటో ఒకటి జతచేసింది. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు, నడుముకి కత్తి. ఆ కత్తికి మామూలు సైనిక కత్తుల కంటే వంపు ఎక్కువ.

ఆశ పెట్టుకోవద్దని జవాబు రాశాను. ఆ తర్వాత, పనిముట్లకి పూజ చేసే విశ్వకర్మ పూజనాడు, టికియాపారా రైల్వే షెడ్డులో పనిచేసే నా పాత శిష్యుడు ఫోనుకి పూజ ఫోటోలు పంపాడు. బంతిపూల మధ్య స్పానర్లు, సుత్తులు, ఆకురాళ్లు, వాటి పక్కన కుంకుమబొట్లతో ఒక జపాను కత్తి. దాని వంపు చూసి కుర్చీలోంచి లేచాను. అది షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన ఒక తెలుగాయనదట, ఏటా పూజకి తెచ్చి పెడతాడట. ఫోటోని జపాను పంపితే ఆ అమ్మాయి నుంచి వెంటనే జవాబు వచ్చింది. తాతయ్య అన్నం తినడం మానేసి దాన్నే చూస్తున్నాడు, దయచేసి తోక మీద ఏముందో చూడండి అని.

సంత్రాగాఛి స్టేషను దగ్గర ఆయన ఇల్లు. గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"రండి బాబూ, రండి. మా అయ్య కత్తి సూడ్డానికి సాల్ట్ లేక్ నుంచి వొచ్చినారా ఏటి!"

వాళ్ల నాన్న యుద్ధకాలంలో అస్సాం లైను మీద రైల్వే పనికి వెళ్లాడట. యుద్ధం అయిపోయాక, లొంగిపోయినవాళ్ల కత్తులు వ్యాగన్లలోంచి దింపుతుంటే ఒక దొర ఒకటి తీసి చేతిలో పెట్టాడట. ఫిట్టరు ఇల్లాలు టీ, మరమరాలు తెచ్చి పెట్టింది. కత్తి చేతిలోకి తీసుకున్నాను. ఎమెరీ కాగితపు గీతలు నిండా ఉన్నాయి, అయినా అంచు పొడుగునా తెల్లటి అల సన్నగా కనిపిస్తోంది. ఇది ఫ్యాక్టరీలో చేసింది కాదు, చేత్తో కొట్టిన పాత కత్తి. అలుగు ఎంత పాడైనా ఫర్వాలేదు, పిడి లోపల ఎవరూ చూడరు కదా అనుకున్నాను.

మేకు తీయడానికి సంచిలోంచి చిన్న ఇత్తడి సుత్తి తీశాను. ఆయన నవ్వాడు.

"సుత్తెందుకు బాబూ? ఏలితో వొత్తితే సాలు. ఏటా తీస్తాం కదా."

ఆయన బొటనవేలితో నొక్కగానే మేకు పడింది, పిడి ఊడింది. తోక కొత్త స్టీలు గరిటెలా మెరుస్తోంది.

"ఎలగుంది?" అని అడిగాడు, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. "మా అయ్య సెప్పీవోడు. పైన మెరుపు ఎవుడైనా తెస్తాడు, పిడి లోపట తుప్పు లేకండా సూసినోడే ఫిట్టరు, విశ్వకర్మ కాడ దొంగ సుబ్బరం పనికిరాదురా అని. ఆయనున్నన్నాళ్లూ ఆకురాయితో ఆయన రుద్దీవోడు. ఆయన పోయిన కాడ్నుంచి నాను."

"దీని మీద చెక్కినట్టు ఏమైనా ఉండేదా?"

"గాట్లుండీవి. నా సిన్నప్పుడు బాగా లోతుగా ఉండీవి. ఆటిల్లో తుప్పు కూకుండిపోయీది. అది పోవాలంటే ఎంత రుద్దినామనుకున్నారు!"

తిట్టడానికి నోరు తెరిచాను. ఇంకెవరైనా అయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవాణ్ణి. కానీ ఆ తోక మీద ఆకురాయి గీతలన్నీ ఒకే వాలులో ఉన్నాయి, ఒక్కటి కూడా పక్కకి పోలేదు. ఆయన దాన్ని అంత శ్రద్ధగా, అంత భక్తితో పాడుచేశాడు. నాకు కోపానికి బదులు ఏడుపొచ్చింది.

"అవి గాట్లు కావండి. పేర్లు" అన్నాను. జపాను ముసలాయన సంగతంతా చెప్పాను.

ఆయన బొటనవేలితో తోకని పైనుంచి కిందికి తడుముతూ కూర్చున్నాడు. "ఓలమ్మో" అని ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నానేటి సేసినాను బాబూ!" అన్నాడు.

నేను చేయగలిగినవన్నీ చేశాను. టార్చి ఏటవాలుగా వేసి చూశాను. ఆయన్ని అడిగి, ఇంకో రోజు వచ్చి, అరిగిన అక్షరాలు లేస్తాయేమోనని ఆమ్లం చుక్కలు వేసి చూశాను. ఒకచోట ఒకే ఒక్క గీత తేలింది. అది ఏ అక్షరంలోని గీతైనా కావచ్చు, ఆకురాయి జారినప్పుడు పడినదైనా కావచ్చు.

"ఆలదే అని సెప్పీండి బాబూ" అని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ ముసలాయన పేణం కుదటపడద్ది. నాను ఇచ్చీస్తాను."

చెప్పేయాలని నాకూ ఉంది. ఫోటోతో వంపు కలిసింది, పొడుగు దాదాపుగా కలిసింది. నేను ఊఁ అంటే జపాను ముసలాయన నమ్ముతాడు. "నమ్మితే ఎవరికి నష్టం?" అని మా ఆవిడ కూడా అడిగింది. తోక మీద సాక్ష్యం చూడకుండా ఏ కత్తికీ నేను మాట ఇచ్చింది లేదు. ఇన్నాళ్లూ ఆ పట్టుదల చూసుకుని గర్వపడేవాణ్ణి. ఇప్పుడు అదే పట్టుదల నాకు రాతిగుండెతనంలా తోచింది.

చివరికి సంత్రాగాఛి ఇంట్లోంచే వీడియో కాల్ చేశాం. నా పక్కనే ఉంటానని ఫిట్టరు పట్టుబట్టాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఇది చేత్తో కొట్టిన పాత కత్తే, మీ కత్తి కావచ్చు, కానీ అవునని చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కూడా చెప్పాను. మనవరాలు ఒక్కొక్క వాక్యం తాతయ్యకి వినిపించింది. ఫిట్టరు ఫోను ముందు రెండు చేతులూ జోడించాడు. "తప్పైపోనాది బాబూ, తెల్దు బాబూ" అన్నాడు. కత్తి మాత్రం మీరే ఉంచుకోండి అని నాచేత చెప్పించాడు.

ముసలాయన తల వంచుకుని ఏదో చెప్పాడు. మనవరాలు దాన్ని మాకు తిప్పి చెప్పింది.

"ఆ వంపు చూస్తే తన తండ్రి కత్తే అనిపిస్తోందట తాతయ్యకి. కానీ ఇలాగే ఎదురుచూస్తున్న కొడుకు ఇంకెవరైనా ఉంటే, అతని తండ్రిని తాను తీసేసుకున్నట్టవుతుంది కదా అంటున్నారు. అందుకని వద్దట. ఒక్కసారి దగ్గరగా చూపించమంటున్నారు."

ఫిట్టరు కత్తిని రెండు చేతుల మీద పెట్టి ఫోను ముందుకి తెచ్చాడు. అవతల ముసలాయన చెయ్యి చాపాడు. కాసేపు మా ఫోను నిండా ఆయన అరచెయ్యి ఒక్కటే కనిపించింది.

మహాలయ అమావాస్యకి ఫిట్టరు నన్ను హౌరా వైపు గంగ ఒడ్డుకి రమ్మన్నాడు. ఏటా ఆ రోజు తండ్రికి అక్కడే తర్పణం వదులుతాడట. ఘాటు నిండా జనం. బురద మెట్ల మీద పంచెలు ఎగగట్టుకుని నిలబడ్డారు. తండ్రికి నీళ్లు వదిలాక, ఆ కత్తి పట్టుకున్నాయనకి కూడా వదలాలని పురోహితుడితో అన్నాడు. ఆ బెంగాలీ బ్రాహ్మణుడు పేరు, గోత్రం అడిగాడు. ఫోటోలోని కుర్రాడి పేరు నాకు తెలుసు, ఫిట్టరు చెవిలో చెప్పబోయాను. వద్దన్నట్టు తల ఊపాడు.

"ఆ పేరెట్టకండి బాబూ. కత్తి ఈయనది కాపోతే, ఎవులికో రావలసిన నీళ్లు ఈయనకి పోతాయి."

నా అన్నవాళ్లు ఎవరూ లేని వాళ్లకి వదలడానికి వేరే మంత్రం ఉంది, అది చెబుతానన్నాడు పురోహితుడు. ఫిట్టరు దోసిట్లో నువ్వుల నీళ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఎవులూ లేనోడు కాదు దాదా, కొడుకున్నాడు" అన్నాడు బెంగాలీలో. తర్వాత తెలుగులో నాతో అన్నాడు. "ఆ కొడుక్కి అయ్య పేరు లేకండా సేసినోణ్ణి నానే."

పురోహితుడు నా వైపు చూశాడు. ఫిట్టరు దోసిట్లోని నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోతూనే ఉన్నాయి.