సెట్ అనే మాటకు నాలుగు పుట్టుకలు

మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో, ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే కోచింగ్ సెంటర్‌లో నేను డెమో సారుని. అమీర్‌పేటలో ఎవరైనా మూడు రోజులు ఊరికే కూర్చుని వినొచ్చు, నచ్చితే చేరొచ్చు. ఆ మూడు రోజులూ నావి. నాలుగో రోజు నుంచి వేరే సార్లు చెప్తారు. అంటే ఇన్నేళ్లుగా నేను చెప్తున్నవి ఆ మూడు పాఠాలే. పంజాగుట్ట నుంచి నడిచొచ్చి, మెట్లెక్కి మైకు పట్టుకునేసరికే ప్రాణం ఉసూరుమంటుంది.

మొదటి రోజు పాఠం 'సెట్'. ఇంగ్లిష్‌లో ఇన్ని అర్థాలున్న మాట అరుదని మొదలుపెడతాను. టీవీ సెట్టు, చాయ్ కప్పుల సెట్టు, సినిమా సెట్టు, సెట్ దోశ. పెళ్లి సంబంధం కుదిరినా సెట్ అయిందనే అంటాం. జనం నవ్వుతారు. తర్వాత ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను. చెప్పిందే చెప్పి విసుగెత్తి, ఆ పుట్టుకను ఎప్పటి నుంచో నోటికొచ్చినట్టు మార్చేస్తున్నాను. ఒకసారి కంసాలి రాళ్లు పొదిగే చోట పుట్టిందన్నాను, ఇంకోసారి ఓడ తెరచాపల దగ్గర. ఎవరడుగుతారు? డెమోకి రెండోసారి ఎవరూ రారు కదా.

ఒకామె వచ్చింది. బోరబండ మనిషి, సనత్‌నగర్‌లో యూనిఫాంలు కుట్టే కార్ఖానాలో పని. ప్రతి కొత్త బ్యాచ్‌కీ వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. నాలుగోసారి మా ఓనరు కనిపెట్టాడు.

"గామె ఊకె ఫ్రీగ కూసొని పోతున్నది అన్నా, జర చెప్పి పంపియ్."

క్లాసు అయ్యాక ఆమెను ఆపాను. నేను నోరు తెరిచేలోపే ఆమె నోటుబుక్కు తెరిచింది.

"నేను ఒక్కదాన్ని కాదు సార్. మా కార్ఖానల ఆరుగురం. నేను విని పోయి అందరికీ చెప్త. వచ్చే వారం సూపర్‌వైజర్ పోస్టుకు ఇంగ్లిష్‌ల మాట్లాడిస్తరట, ఒక్కరికన్న రావాలె. సెట్ గురించి మీరు నాలుగు సార్లు నాలుగు తీర్ల చెప్పిండ్రు. మావోళ్లు కొట్లాడుకుంటున్నరు. అండ్ల ఏది నిజం?"

నాలుగు పేజీలు, నాలుగు పుట్టుకలు, ఒక్కోదాని కింద స్కేలు పెట్టి గీసిన గీత. సిగ్గేసింది. అబద్ధమాడే ఓపిక కూడా లేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. నాలుగూ నేను కల్పించినవే, నిజం నాకూ తెలియదని.

ఆఫీసు బీరువాలోంచి డిక్షనరీ తెచ్చి, ఇద్దరం నిలబడే వెతికాం. పెట్టడం, అమర్చడం అనే సెట్టు, కూర్చోబెట్టడం అనే అర్థమున్న పాత ఇంగ్లిష్ మాట నుంచి వచ్చిందట. కప్పుల సెట్టులోది వేరే, లాటిన్‌లో వెంట నడవడం అన్న మాటకు చుట్టమట. ఆమె నాలుగు పేజీలూ కొట్టేసి, ఐదో పేజీలో ఇది రాసుకుంది. తర్వాత వెనక్కి తిప్పింది. నమస్కారం ఎలా చెప్పాలో, తన గురించి ఎలా చెప్పుకోవాలో, అన్నీ నా మాటలే.

"గివి సుత గట్లనేనా సార్?"

"కాదమ్మా, అవన్నీ నిజమే" అన్నాను.

ఆమె నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "జర అన్నీ గండ్ల చూసి చెప్పుండ్రి" అంటూ డిక్షనరీని నా ముందుకు జరిపింది.