గ్యారంటీ మీద వేసిన ఓటు

కాక పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను అజ్మాన్‌లో డ్యూటీ బస్సు ఎక్కుతున్నాను. మఫ్రఖ్ లేబర్ క్యాంపులోని మా పాత రూమువాడు చేశాడు. "పొద్దుగాల మొఖం కడుక్కుంట కూలబడ్డడన్నా. అంబులెన్సు వచ్చేసరికే ఖలాస్" అన్నాడు. బస్సు దిగిపోయి అక్కడే రోడ్డు పక్కన కూర్చున్నాను.

కాక నాకు చుట్టమేమీ కాదు. జగిత్యాల దిక్కు మనిషి. నేను ఇదివరకు చేసిన కంపెనీలో ఇనుప చువ్వలు కట్టే పని ఆయనదీ నాదీ. రూములో కింది మంచం ఆయనది, పై మంచం నాది. మాకందరికీ కాకే. మేము ముదీర్ అని పిలిచే మేనేజరు కూడా 'కాకా' అనే పిలిచేవాడు. శవంతో పాటు పంపడానికి ఆఫీసువాళ్లు ఆయన పాస్‌పోర్టు బీరువాలోంచి తీశారట. ఈసారి ఎవరి గ్యారంటీ అడగలేదట. ఆ మాట విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ గ్యారంటీ సంగతి మీకు చెప్పుకోవాలి.

మాది చిన్న కంపెనీ. పనివాళ్ల పాస్‌పోర్టులు ఉంచుకోకూడదని ఇక్కడ చట్టం ఉంది. ఉంటే ఉంది, మావి మాత్రం ఆఫీసు బీరువాలోనే ఉండేవి. సెలవు రాకముందే ఎవడైనా మధ్యలో ఊరికి పోతానంటే, ఇంకొకడు సంతకం పెట్టి తన పాస్‌పోర్టును గ్యారంటీగా ఉంచాలి. పోయినవాడు తిరిగొచ్చేదాకా ఈ ఉన్నవాడు కదలడానికి లేదు.

కాక జన్మలో ఓటు వేయలేదు. మీసాలు వచ్చీరాక ముందే దుబాయ్ వచ్చాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఇక్కడే ఉండేవాడు, ఆయన ఊళ్లో ఉన్నప్పుడు ఎన్నికలు వచ్చేవి కావు. చివరికి ఒకసారి ఎవరో ఓటర్ల లిస్టు పట్టుకుని ఇంటికొచ్చి అడిగితే, ఆయన భార్య ఉన్నమాట చెప్పింది, ఇక్కడ ఉండటం లేదని. పేరు కొట్టేశారు. ఆ సంగతి ఫోన్‌లో విన్న రోజు కాక అన్నం ముట్టలేదు.

"ఊళ్లె లేనని వాళ్లు కొట్టేసిండ్రు. ఈళ్లేమో మనోడు కాదంటరు. మరి నేనెక్కడున్నట్టురా బిడ్డా?" అన్నాడు.

విదేశంలో ఉన్నవాళ్లు పాస్‌పోర్టు మీద ఓటు నమోదు చేసుకోవచ్చని ఎక్కడో విని, నా ఫోన్‌లోనే దరఖాస్తు పెట్టాను. ఫోటో కోసం స్నానాల గది బయట తెల్లగోడకు నిలబెడితే, మెడదాకా గుండీలు పెట్టుకుని ఊపిరి బిగబట్టాడు. "కాకా, అరెస్టు చేస్తలేరు, జర నవ్వు" అంటే ఇంకా బిగుసుకుపోయాడు. పేరు ఎక్కిందని మెసేజ్ వచ్చిన రోజు పచ్చిపులుసు చేశాడు. కాక పచ్చిమిరపకాయలు కాల్చాడంటే ఆ వరసలో రూములన్నీ దగ్గేవి.

మెలిక ఒకటే. ఓటు ఊళ్లోనే వేయాలి, అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

సెలవు అడగడానికి తోడు పోయాను. కాక ఆఫీసులో ఎప్పుడూ కుర్చీలో కూర్చునేవాడు కాదు, చేతులు కట్టుకుని గోడకు ఆనుకునేవాడు. "ఓట్ కే లియే ఛుట్టీ?" అని ముదీర్ పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, "గ్యారంటీ కౌన్ దేగా?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ నవ్వుకు ఒళ్లు మండి, "మై దేతా" అనేశాను.

బయటికొచ్చాక గానీ గ్యారంటీ ఇస్తానన్న మాట ఎంత పెద్దదో తెలియలేదు. ఊళ్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. కాక తిరిగొచ్చే రోజు సాయంత్రమే నా విమానం. ఆయన రాకపోతే నేను ఎక్కడివాణ్ని అక్కడే. రూములో వాళ్లు ఊరుకున్నారా? "ముసలోడు ఆడనే ఉండిపోతడు, నువ్వు బిడ్డను ఫోన్ల చూసుకో" అని ఒకటే గోల. కాక మాత్రం వెళ్లేముందు నా భుజం మీద చెయ్యి వేసి, "నీ నోట్లె మన్నువోస్తనా బిడ్డా?" అని ఊరుకున్నాడు.

ఓట్ల రోజు నేను సైటులో ఉన్నాను. పొద్దున ఒక వాయిస్ మెసేజ్: "లైన్ల నిలవడ్డ." వెనక ఆడవాళ్ల అరుపులు, ఎవరిదో దగ్గు. కాసేపటికి ఇంకొకటి: "ఏసిన బిడ్డా! ఏలికి సుక్క వెట్టిండ్రు!" నేను ఎగిరి గంతేస్తే కింద ఉన్న ఫోర్‌మన్ నాకేదో అయిందనుకున్నాడు. అంత సంతోషం నా ఓటు వేసినప్పుడు కూడా కలగలేదు.

ఎండ తగ్గాక మూడోది వచ్చింది. బైకు చప్పుడు, ఆయాసం, మధ్యలో ఒకే మాట: "పాస్‌పోర్టు లేదురా."

ఫోన్ చేస్తే ఎత్తడు. ఫోర్‌మన్ 'యల్లా యల్లా' అని తొందరపెడుతున్నాడు. చేతిలో కటింగ్‌ప్లయర్ ఉంది, చువ్వ ఎక్కడుందో కనబడటం లేదు. నా భార్య పురిటి మంచం మీద ఒక్కతే ఉన్నట్టు కళ్లముందు ఆడుతోంది. అంతసేపూ కాకను నేను తిట్టని తిట్టు లేదు, పైకే తిట్టాను.

జరిగిందేమిటో తర్వాత తెలిసింది. పోలింగ్ అధికారి మొఖం పోల్చుకోవడానికి పాస్‌పోర్టు తీసుకుని బల్ల మీద పెట్టాడు. కాక వేలికి చుక్క పెట్టించుకుని, మీట నొక్కి, అవతలి తలుపులోంచి ఇంటికి వెళ్లిపోయాడు. మతిమరుపు కాదది. విమానాశ్రయంలో తప్ప, బల్ల వెనక కూర్చున్నవాడికి ఇచ్చిన పాస్‌పోర్టు వెంటనే తిరిగి చేతికి రావడం ఆయన ఎరగడు. ఆఫీసువాడికి ఇచ్చాక అది ఆఫీసుదే. సాయంత్రం సంచి సర్దుకుంటూ ఉంటే భార్య అడిగిందట, పాస్‌పోర్టు ఏదీ అని. అప్పుడు తగిలింది దెబ్బ.

అల్లుడి బైకు మీద పోలింగ్ పెట్టిన బడికి పోయేసరికి ఓట్లు ముగిశాయి. పెట్టెలు బస్సెక్కాయి, ఇంజను ఆన్‌లో ఉంది. పోలీసు అడ్డంగా నిలబడి "జరుగు జరుగు" అంటున్నాడు. కాక తిన్నగా పోయి బస్సు ముందు నిలబడ్డాడు. డ్రైవరు హారన్ కొట్టాడు, జరగలేదు. ఊరంతా చూస్తోంది. కిటికీలోంచి అధికారి తల బయటపెట్టి గుర్తుపట్టాడు.

"ఏం పెద్దమనిషీ! మైకుల పిలిపిచ్చిన, మనిషిని తోలితె దొరకకపోతివి. పాస్‌పోర్టు ఎవరన్న ఇడిసిపెట్టి పోతరా?"

"ఆఫీసరుకు ఇచ్చినంక మీకాడనే ఉంటది గద సారు."

అధికారి బస్సు దిగి, జేబులోంచి తీసి చేతిలో పెట్టాడట. "ఇది నీది. నీకాడనే ఉండాలె" అన్నాడట.

నాకు నాలుగో మెసేజ్ వచ్చింది: "దొరికింది." ఆ ఒక్క మాటకు నేను చువ్వల మధ్యనే కూలబడి ఏడ్చాను, సిగ్గేమీ లేదు.

కాక మాట నిలబెట్టుకున్నాడు. మా పాప పుట్టినప్పుడు నేను ఆస్పత్రి వరండాలో ఉన్నాను. ఆ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలిసేలోపే ఆయన వెళ్లిపోయాడు. అయితే కాక అనగానే నాకు పాప గుర్తురాదు, నేను బయల్దేరిన రోజు ఆఫీసు గుర్తొస్తుంది.

ఆయన విమానం దిగి సంచితో తిన్నగా ఆఫీసుకే వచ్చాడు. నేను అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాను. ముదీర్ అలవాటుగా చెయ్యి చాపాడు. కాక పాస్‌పోర్టు జేబులోంచి తీశాడు గానీ ఇవ్వలేదు.

"లావ్, లావ్" అన్నాడు ముదీర్.

"పహలే ఉస్‌కా దేవ్." ముందు వాడిది ఇమ్మన్నాడు కాక.

ముదీర్ తల ఎత్తి చూశాడు. కాక గోడకు ఆనుకోలేదు, చేతులు కట్టుకోలేదు. పాస్‌పోర్టును గుండెకు అదిమి పట్టుకున్నాడు, గోరు మీద సిరా ఇంకా నల్లగానే ఉంది. ముదీర్ ఏదో గొణుక్కుంటూ బీరువా తెరిచి నాది తెచ్చి నా చేతిలో పెట్టాడు. మళ్లీ కాక వైపు చెయ్యి చాపాడు.

"తెరిసి సూస్కో బిడ్డా, నీదేనా?" అన్నాడు కాక నాతో, ఆ చాపిన చేతి వైపు చూడకుండా.

నేను పేజీ తిప్పి, నా ఫోటో చూసుకుని, అవునని తలూపేదాకా ఆయన చెయ్యి గుండె మీది నుంచి దిగలేదు.