లూపే పందికి గుర్తు కావాలి

మాంగెరే పేటలో సియేనిని ఎరిగినవాళ్లు ఆమె గురించి మొదట చెప్పే మాట ఒకటే: ఆ పిల్ల దేన్నీ ఒకసారి చూసి నమ్మదు. తాళం వేసి వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగి చూసుకుంటుంది. కొడుకు తాసి ఇంకా పాకే వయసువాడు. వాడు హాయిగా నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు కింద వేలు పెట్టి, వాణ్ని లేపి, ఏడిపించి, అప్పుడు హమ్మయ్య అనుకుంటుంది. ఇలాంటి మనిషి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరడం ఆ కంపెనీ అదృష్టమని తల్లి లూపే అంటుంది. ఇంట్లోవాళ్ల దురదృష్టమనీ ఆవిడే అంటుంది.

ఆ వారం ఆఫీసులో డంకన్ ఆమెకో పని అప్పగించాడు. జాబితాలను కలపడానికి, వేరు చేయడానికి ఇన్నాళ్లూ వాడిన పాత లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూటకి, కాలం చెల్లింది. దాని స్థానానికి రెండు కొత్తవి పోటీ పడుతున్నాయి. అరేలు, సెట్లతో ఏది బాగా పనిచేస్తుందో సోమవారానికల్లా తేల్చాలి. అరే అంటే వచ్చినవాటన్నిటినీ వచ్చిన వరుసలో నిలబెట్టేది. సెట్ అంటే, ఒకసారి లోపలికి వచ్చినదే మళ్లీ వస్తే గుమ్మంలోనే ఆపేసేది.

పోటీకి వచ్చినవాటిలో ఒకటి సన్నగా రివటలా ఉంది. చకచకా పని ముగిస్తుంది, ఎవరినీ ఏమీ అడగదు. రెండు జాబితాలు కలపమంటే, అచ్చు ఒకేలా కనిపించినవాటిలో ఒకటి ఉంచుకుని మిగతావి పారేస్తుంది. చివరికి ఏది ముందుంటుందో, ఏది వెనకుంటుందో దాని ఇష్టం. రెండోది బొద్దుగా ఉంది. తెరుచుకోవడానికే ఆపసోపాలు పడుతుంది. కలపమంటే ముందుగా ఒక ప్రశ్న వేస్తుంది: ఇవి రెండూ ఒకటేనని దేన్నిబట్టి గుర్తుపట్టాలి?

"ఇంకా పోల్చడమేంటి? సన్నదే తీసుకో. ఆ బొద్దుదానికి నోరెక్కువ," అన్నాడు డంకన్.

"మా అమ్మకీ నోరెక్కువే. అలాగని మార్చేశామా?" అంది సియేని.

అయినా గడియారం పెట్టి చూసినప్పుడల్లా సన్నదే గెలుస్తోంది. ఊహించి రాసుకున్న జాబితాలు కాకుండా, నిజమైన మనుషులు గందరగోళంగా రాసిన జాబితాలు దొరికితే బాగుండుననుకుంది. అవి ఇంట్లోనే దొరికాయి.

ఆదివారం వాళ్ల సమోవన్ చర్చికి కొత్త హాలు ప్రారంభం. కుటుంబాలన్నీ కానుకలు తెస్తాయి. కాల్చిన పందులు, అల్లిన చాపలు, టారో దుంపలు, బిస్కెట్ డబ్బాలు. ఎవరేం తెచ్చారో సభలో గొంతెత్తి చెప్పేది సియేని మేనమామ సెయులి. ఆయన నోట వినబడితేనే తెచ్చినట్టు, లేకపోతే తేనట్టే. ఈసారి అవన్నీ గోడ మీద తెరపై కనబడతాయనీ, తన కూతురే ఆ ప్రోగ్రాము రాస్తోందనీ మహిళా సంఘంలో లూపే ఎప్పుడో ప్రకటించేసింది. దాంతోపాటు ఇంకో మాట కూడా అనేసింది. ఎదురింటి సూలియా ఒక పంది తెస్తానంటే, "నేను రెండు తెస్తున్నా," అంది. అన్నది సంఘమంతా వింది.

హాలుకి రెండు గుమ్మాలు. కార్లు ఆగే వైపు ఒక ఫోను, వంటగది వైపు ఒక ఫోను పెట్టారు. ఏ కానుక ఏ గుమ్మంలో కనిపిస్తే అక్కడ రాస్తారు. కొన్ని రెండు చోట్లా పడతాయి. ఆ రెండు జాబితాలనూ కలిపి ఒకటి చేయాలి.

ఆదివారం పాటల బృందం గొంతు సవరించుకుంటుండగా లూపే వచ్చి కూతురి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. సన్న లైబ్రరీ కలిపిన జాబితాలో ఎక్కడో మధ్యన 'లూపే కుటుంబం, కాల్చిన పంది' అని ఒక్క వరుసే ఉంది.

"రెండోదేదే?"

"అయ్యో! రెండూ ఒకేలా రాసుంటే ఒకటి పారేస్తుందమ్మా ఇది."

"నా పందిని పారేయడానికి అదెవత్తే?"

సియేని కంగారుగా సెట్ తీసేసి, ఉత్త అరేలా రెండు జాబితాలనూ ఒకదాని కింద ఒకటి అతికించింది. లూపే పంది, మళ్లీ లూపే పంది. ఆవిడ ముఖం చాటంతయింది. ఆ పక్కనే చూపు పడింది. సూలియా పంది, మళ్లీ సూలియా పంది.

"దానికెక్కడివే రెండు?"

"ఇది దేన్నీ ఆపదమ్మా. రెండు చోట్ల రాస్తే రెండు చూపిస్తుంది."

"అయితే ఇందాకటిదే పెట్టు. అదే బుద్ధిమంతురాలు."

"అందులో నీకూ ఒకటేగా!"

"నాకు రెండూ, దానికి ఒకటీ చూపించే లైబ్రరీ ఒక్కటి లేదా? ఎందుకే నిన్నంత చదివించింది?"

ఇక మిగిలింది బొద్దుది. దానికి గుర్తు కావాలి. సియేని తాసిని చంకనేసుకుని, ల్యాప్‌టాప్‌తోపాటు టేపు చుట్టా మార్కరూ పట్టుకుని వంటగది వైపు పరుగెత్తింది. పందులన్నీ వెండి రేకుల్లో చుట్టి, పొడవాటి బల్ల మీద వరుసగా పడుకున్నాయి. వాటి మీద టేపు అంటించి ఒక్కోదానికి ఒక్కో అంకె వేసి, అదే అంకెను జాబితాలోనూ ఎక్కించుకుంటూ పోయింది. తాసి టేపు నములుతున్నాడు, లాక్కుంటే ఏడుస్తున్నాడు. లూపే వెనకే వచ్చి, "పాట అయిపోవస్తోంది, ఇప్పుడివెందుకే, పద పద," అని కొంగు లాగినట్టు చొక్కా లాగుతోంది.

బల్ల చివరికొచ్చేసరికి సియేని ఆగిపోయింది. వెనక్కి నడిచి మళ్లీ చూసింది. బల్ల కింద చూసింది.

"అమ్మా, మనదొక్కటే ఉంది."

"సరిగా చూడు."

"చూశాను. రెండోదేది?"

లూపే పైకప్పు వంక చూసింది. "ఆ పందులవాడు ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చాడే."

"మరి రెండు గుమ్మాల్లోనూ ఎవరు రాశారు?"

"ఎవరో రాస్తారా? నేనే నొక్కాను."

అప్పుడే సూలియా లోపలికొచ్చింది. "ఏం వదినా, పందులకు నామకరణమా?"

"మీది కూడా ఒకటే ఉంది అత్తయ్యా, రెండుసార్లు పడింది," అంది సియేని.

సూలియా నవ్వు సగంలో ఆగింది. "అంటే... మీ అమ్మ రెండంటోందని..."

"నన్ను చూసి నొక్కావా వదినా?" లూపే నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నిన్ను చూసి కాదు వదినా, నీ నోరు చూసి."

సూలియా వెళ్లాక లూపే గొంతు తగ్గింది. "ఇంకో అంకె వేసెయ్యవే. లేని పందికి టేపు అంటించక్కర్లేదుగా. అంతమంది ముందు ఒకటంటే నేనెలా తలెత్తుకుంటాను?"

నిజానికి అది చాలా తేలిక. బొద్దు లైబ్రరీ అడుగుతుందేగానీ, చెప్పింది నిజమో కాదో బల్ల దగ్గరికొచ్చి చూడదు. సియేని మీట మీద వేలు పెట్టింది. తాళాన్ని కూడా నమ్మని మనిషి.

"వద్దమ్మా. అది నన్నే నమ్ముకుంది. నేనే అబద్ధం రాస్తే ఇంక దేన్నని పరీక్షించను?"

లూపే వెనుదిరిగింది. వెళ్లి ముందు వరుసలో, ఆపరేషన్‌కి తీసుకెళ్తున్న మనిషిలా కూర్చుంది.

పాట ముగిసింది. గోడ మీద జాబితా వెలిగింది. సెయులి చేతికర్ర నేలకు ఆనించి, తల పైకెత్తి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మొట్టమొదట, లూపే కుటుంబం! ఒక పంది!"

"రెండన్నారుగా!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"రెండోదాన్ని మా చెల్లెలు నోటితోనే కాల్చి, నోటితోనే వడ్డించేసింది," అన్నాడు సెయులి. హాలు పైకప్పు ఎగిరేలా నవ్వింది.

లూపే మాత్రం ఆ నవ్వు వినలేదు. ఆవిడ చెవిలో ముందు మాటే మోగుతోంది. చటుక్కున కూతురి వైపు తిరిగింది.

"నా పేరు మొట్టమొదట ఎందుకు పిలిచాడే?"

"ఈ లైబ్రరీ వచ్చినవాళ్లను వచ్చిన వరుసలోనే ఉంచుతుందమ్మా. పొద్దున్న గుమ్మంలో మొదట నువ్వే ఉన్నావు."

లూపే లేచి నిలబడింది. దుస్తులు సర్దుకుంది. ఎక్కడో అడుగున పడిన సూలియా పేరు వచ్చేదాకా, ఫొటో తీయించుకుంటున్న మనిషిలా అలాగే నిలబడింది.

సోమవారం సియేని బొద్దుదాన్నే ఎంచుకుంది. నెమ్మదే గానీ తెలియనిది అడుగుతుంది, వరుస చెడగొట్టదు అని రాసింది.

"ఎక్కడ పరీక్షించావు?" అన్నాడు డంకన్.

"పందుల మీద."

సాయంత్రం లూపే ఫోను చేసింది.

"ఆ బొద్దుది ఎంత బుద్ధిమంతురాలే! వచ్చేసారీ దాన్నే పెట్టు. ఒక్క మాట, అది వరుస ఎలా పెడుతుందో ఎవరికైనా చెప్పావా?"

"సూలియా అత్తయ్య అడిగితే చెప్పాను."



"అయితే చర్చి తలుపు ఎన్నింటికి తీస్తారో మాత్రం దానికి చెప్పకు," అంది లూపే.