కికునో అక్క గిల్లేసిన మొగ్గలు

కికునో అక్క పెరట్లో చెట్టు ఎందుకు పూయదని దీవికి కొత్తగా వచ్చినవాళ్లు నన్నే అడుగుతారు, పక్కింటిదాన్ని కదా. నేల మంచిది కాదేమో అని వాళ్లే తీర్పు చెప్పేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. నేలట! ఆ నేలని ఆవిడ ఏళ్లతరబడి చేత్తో పిసికి మెత్తన చేసింది.

మా కొండ నిండా కమెలియా చెట్లే, అన్నీ ఎర్ర పూలవే. శరదృతువులో ఊరిపెద్ద గంట కొట్టేదాకా ఎవరూ ఒక్క గింజ ముట్టకూడదు. ఒక ఏడాది గంట వినగానే కికునో అక్క కూతురు, ఏడేళ్ల సాయొ, తల్లితో కొండెక్కింది. బుట్టలో పడ్డవన్నీ నూనెకి పోయాయి. పిల్ల మాత్రం ఒక గింజ గుప్పిట్లో దాచి తెచ్చి కుండీలో పాతింది. ఆ చలికాలమే జ్వరం వచ్చి పిల్ల చనిపోయింది. వసంతంలో మొలక లేచింది.

గింజ నుంచి కమెలియాని పెంచడం అంటే మాటలా! అక్క కుళ్లిన ఆకుల మట్టి తెచ్చి పోసింది. పొయ్యి బూడిద తగిలితే ఆకులు పసుపెక్కిపోతాయని ఆ దరికే రానివ్వలేదు. ఉప్పుగాలి కొట్టకుండా ఇంటి వెనక, మధ్యాహ్నం నీడ పడే చోట నాటింది. నీళ్లు నిలవకుండా అడుగున రాళ్లు పరిచింది. గొంగళిపురుగులు పడితే పటకారుతో ఒక్కొక్కటే ఏరేది. వాటి నూగు తగిలి మోచేతుల దాకా దద్దుర్లు.

పన్నెండేళ్లు ఆకులే.

"ఇంకేం పూస్తుంది అక్కా, నరికి పొయ్యిలో పెట్టు" అన్నాను. నా నోరు పడిపోను!

పదమూడో ఏట జనవరిలో పూసింది. తెల్లటి రేకులు, అంచున మాత్రం లేత గులాబీ. దీవిలో అలాంటి పువ్వు ఎవరం చూడలేదు. అక్క దాని ముందు కూచుంది.

"దీని పేరు సాయొ" అంది.

ఆ జూన్‌లో వానలు పట్టాక ఆవిడ మరిది తొకుజి పువ్వు సంగతి విని పడవెక్కి వచ్చాడు. నాగసాకిలో మొక్కల నర్సరీ వాడిది. అన్న పోయినప్పుడు కూడా ఒక్కరోజుకి మించి ఉండని మనిషి, ఈసారి మూడు రోజులు తిష్ఠ వేశాడు.

"వదినా, నాలుగు కొమ్మలియ్యి. మా తోటలో అంటు కడతాను."

"పేరు మాత్రం సాయొ అనే పెట్టాలి తొకుజీ."

"అదేం మాట వదినా! సాయొ నాకు మాత్రం కూతురు కాదూ? ఇంకో పేరు పెడతానా?"

నేను అక్కని వంటింట్లోకి లాగాను. "ఇవ్వకు. వాడి చూపు నాకు నచ్చలేదు."

"అడిగితే లేదనకూడదే" అంది. కమెలియా కొమ్మ అడిగినవాళ్లకి లేదంటే తల్లిచెట్టు ఎండిపోతుందని మా దీవిలో అందరి నమ్మకం. నాకు తెలిసి లేదన్నవాళ్లు లేరు. నాలుగడిగితే ఆవిడ మంచి చివుళ్లు ఎనిమిది ఎంచి, ఆకులు సగానికి కత్తిరించి, తడి నాచులో చుట్టి, తన తలగుడ్డతోనే మూటకట్టి ఇచ్చింది. పిచ్చిమాలోకం!

ఆరేళ్ల తర్వాత తొకుజి నర్సరీ వాళ్లు అమ్మే మొక్కల పుస్తకం ఒకటి పోస్టులో వచ్చింది. అట్టమీద మా పువ్వే. కింద పేరు: 'తొకుజి తెలుపు'. అక్క మా ఇంటికొచ్చి ఫోను చేసింది. వాడి గొంతు నా దాకా వినబడింది.

"చచ్చిపోయిన పిల్ల పేరు పెడితే ఎవరు కొంటారు వదినా? నువ్వే చెప్పు."

అక్క ఫోను పెట్టేసి, పుస్తకాన్ని మా బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది. నెల తిరక్కుండా వాడి దగ్గర్నుంచి ఉత్తరం కూడా వచ్చింది: ఆ రకం తన పేర రిజిస్టరైంది, అనుమతి లేకుండా దాని కొమ్మలు ఎవరికీ ఇవ్వరాదు. ఎంత సిగ్గులేని జన్మ! వదిన చెట్టుకి వదిననే కాపలా పెట్టాడు.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వానలు మొదలవగానే వెళ్లి, "ఒక్క కొమ్మ ఇవ్వక్కా, సాయొ సమాధి దగ్గర నాటుదాం" అన్నాను.

"లేదు" అంది.

"ఏంటి?"

"లేదన్నాను. నాది కాదుగా. వెళ్లి తొకుజిని అడుగు."

తెల్లారితే ఆకు రాలుతుందేమోనని నెలరోజులు గోడమీంచి చూశాను. ఒక్క ఆకు వాడలేదు.

ఆగస్టు చివర మొగ్గలు తొడిగే రోజులు. పువ్వు పెద్దదవ్వాలని రెమ్మకొకటి ఉంచి మిగతావి గిల్లేయడం మేమందరం చేసేదే. అక్క నిచ్చెనేసుకుని గిల్లడం మొదలుపెట్టింది. నేను కింద బకెట్టు పట్టుకున్నాను. చూస్తూండగానే ఒక కొమ్మ బోసిపోయింది, ఆ పక్కది కూడా.

"అక్కా, ఏం చేస్తున్నావ్! ఒక్కటైనా ఉంచు, సాయొ కోసం."

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"పూసిందంటే అది తొకుజి తెలుపేనే. పూయనంతకాలం నా పిల్ల."

అప్పటికి బకెట్టు నిండింది. పారబోసి రమ్మని, వస్తూ నిచ్చెన అటువైపు జరపమని చెప్పింది. జరిపాను. ఇప్పటికి తొమ్మిదేళ్లుగా, ప్రతి ఆగస్టులో జరుపుతూనే ఉన్నాను.