‘వ’కు తోక

మా మామ పోయిన తర్వాత అన్నదమ్ములు వేరు పడ్డారు. ఆ రోజు మా బావ తెల్ల కాగితం మీద మూడు గళ్లు గీశాడు: వస్తువు, బరువు, ఎవరిది. ఇంట్లో చదువు వచ్చినవాడు తనొక్కడే అని ఆయన ధీమా. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నలభై దాటిన వయసులో, నేను సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. అది ఆయనకు తెలుసు. తెలిసీ లెక్కచేయలేదు.

ఇత్తడి గంగాళం వాకిట్లోకి దొర్లించుకొచ్చారు. అది మా నాయన పెబ్బేరు సంతలో కోడెను అమ్మి నా పెళ్లికి కొన్నది. అంచు మీద చుక్కలతో తన పేరు కొట్టించి పంపాడు. పెళ్లైన నాటి నుంచి దాన్ని తోమింది నేను, అందులో నీళ్లు కాగబెట్టింది నేను. బావ అంచు మీద వేలు పెట్టి, "గిది మా నాయిన పేరు" అని, మూడో గడిలో ‘పెద్దలది’ అని రాశాడు. పెద్దలది అంటే పెద్ద కొడుక్కి, అంటే బావకే పోతుంది.

"అది మా నాయిన ఇచ్చింది, బావా" అన్నాను.

చిక్కేమిటంటే మా నాయన పేరూ మా మామ పేరూ ఒకటే. మామ పేరు కోడలు పలకకూడదు. అందుకని కన్నతండ్రి పేరు కూడా అన్నేళ్లూ నా నోట రాలేదు. ఎవరైనా అడిగితే పక్కవాళ్లను చెప్పమనేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సంగతి ఎరిగే బావ నవ్వాడు. "సదువు నేర్సినవు గదమ్మా, సదువు మరి. అందరం ఇంటం."

"ఊకోరాదే, ఒక్క గంగాళానికి గింత లొల్లా?" అన్నాడు మా ఆయన. ఆయన పుట్టిల్లు ఆయన కాళ్ల కిందే ఉంది, ఆయనకేం తెలుస్తుంది!

చింతపండు తెచ్చి అంచు రుద్దాను. పేరుకు ముందు ఇంటిపేరు అక్షరం ఉంది. వాళ్లది ‘వ’, మాది ‘మ’. ‘వ’కు తోక పెడితే ‘మ’ అని బడిలో పంతులమ్మ చెప్పింది. ఆ తోక నిండా మసి పేరుకుపోయింది. రుద్దేకొద్దీ ఒక్కో చుక్కా తేలింది. అప్పుడు ‘మ’ నుంచి మొదలుపెట్టి పేరంతా గట్టిగా చదివాను. మళ్లీ చదివాను.

అత్త నెత్తి కొట్టుకుంది. "సచ్చిపోయిన మామను పేరు వెట్టి పిలుస్తవానే! సిగ్గు లేదా?"

"నీ మొగడు కాదు అత్తమ్మా, మా నాయిన. తోక కనవడ్తలేదా?"

తోటికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. తన పెనిమిటి మీదే ఆమెకు నవ్వు ఆగలేదు.

బావ ‘పెద్దలది’ కొట్టేశాడు, దాని పక్కన ఏమీ రాయలేదు. కలం గుంజుకుని ‘నాది’ అని నేనే రాశాను.

గంగాళం నాతో వచ్చింది. కానీ ఊరికి గుర్తున్నది మామ పేరు పలికిన కోడలే. నా సొత్తు కాజేయబోయిన మనిషి మాట ఒక్కరూ ఎత్తరు. అందుకే వేరు కాపురంలో నా సామానంతా నేనే రాసి పెట్టుకున్నాను, కవ్వం నుంచి కడియాల దాకా. మూడో గడి ముందు నింపుతాను, వస్తువు పేరు తర్వాత. గంగాళం ఎదురుగా మా నాయన పేరు రాశాను, ‘మ’ తోక గీత దాటి పక్కకు పోయేంత పొడుగ్గా.